ముసుగుకు తగిన ముఖం

సోమలింగాచారి ఆ రోజు బుగ్గలు ఉబ్బించకుండా ఉంటే ఇంత గొడవ జరిగేది కాదు. కానీ ఉబ్బించాడు. అందులో ఆయన తప్పేమీ లేదు. తప్పంతా నలభై ఏళ్ల అలవాటుది.

ఆచారిది మండపేటలో కంసాలి కొట్టు. ముక్కుపుడక శీల విరిగినా, గొలుసు కొక్కెం ఊడినా, ముత్యాల కమ్మకి అతుకు పోయినా ఊళ్లో ఆడవాళ్లందరికీ ఆయనే దిక్కు. దీపం ముందు బాసింపట్టు వేసుకుని, ఇత్తడి ఊదుగొట్టం నోట్లో పెట్టుకుని, బుగ్గలు రెండూ బూరెలు చేసి ఊదాడంటే మంట సూదిమొనలా సాగి సరిగ్గా అతుకు మీదే పడుతుంది. పక్కనే ఉన్న ముత్యానికి సెగ కూడా తగలదు. ముక్కుతో పీలుస్తూ నోటితో వదులుతూ, మంట తెగకుండా ముప్పావుగంట ఊదగలడు. మొహానికి వేడి తగిలితే చాలు, ఆయన ప్రమేయం లేకుండానే బుగ్గలు లేస్తాయి. పెళ్లయిన కొత్తలో భార్య భ్రమరాంబ కాఫీ గ్లాసు మొహం దగ్గర పెట్టినా ఇదే తంతు.

అలాంటి మనిషికి కుడికన్ను మసకేసింది. స్కానింగు తీస్తే కంటి వెనకాల రేగిపండంత కంతి కనబడింది. కంటినరానికి నాలుగు మిల్లీమీటర్ల దూరంలో ఉంది, నరం వైపే పెరుగుతోంది. అక్కడ కత్తి పెట్టడానికి వీల్లేదన్నారు ఊళ్లో డాక్టరుగారు. సూదిమొనలాంటి కిరణాలతో ఐదు రోజుల్లో కంతిని మాడ్చే వైద్యం మీద ఒక సంస్థలో పరిశోధన జరుగుతోందని, వెంటనే వెళ్లమని చీటీ రాసిచ్చారు.

ఆ సంస్థ గేటు మీద 'కేంద్రీకృత కిరణ చికిత్సా పరిశోధనా సమన్వయ సంస్థ' అని బోర్డు. పేరు పొడవెక్కువై, చికిత్స అన్న ముక్క వేపకొమ్మ చాటున పడిపోయింది. లోపలివాళ్లెవరూ దాన్ని పట్టించుకున్నట్టు లేదు.

అక్కడ ఆచారికి దొరికిన మనిషి డాక్టర్ మేరీ సుగుణ. ముప్పై ఐదేళ్లుంటాయి. టెక్నీషియన్ పోస్టు ఖాళీగా ఉండటంతో కిరణాల లెక్కలు కట్టేదీ ఆమే, యంత్రం నడిపేదీ ఆమే, రోగులకు ముసుగులు చేసేదీ ఆమే.

"అన్ని వైపుల నుంచీ సన్నటి కిరణాలు వస్తాయి బాబాయిగారూ. ఒక్కోటీ విడిగా ఏమీ చెయ్యదు. అన్నీ కలిసే చోటే కాలుతుంది. పక్కనున్న నరానికి దెబ్బ తగలదు."

"మరేనండి. ముత్యం పక్కన అతుకు," అన్నాడు ఆచారి.

సుగుణ ఆయన వంక చూసింది. తాను ఆరేళ్లు చదివి నేర్చుకున్నది ఇంత చిన్న మాటలో ఇమిడిపోతుందని ఆమెకు అప్పటిదాకా తెలియదు. "కాకపోతే నరానికీ కంతికీ మధ్య మూడు మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలి. అంతకన్నా తగ్గితే కిరణం వెయ్యలేం, కన్ను పోతుంది. మీకు నాలుగున్నాయి."

"అంటే ఒక్కటి మిగిలిందన్నమాట."

"ఒక్కటే. త్వరగా మొదలెడదాం."

మిల్లీమీటరంటే ఏమిటో ఆచారికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయన బతుకంతా అందులోనే గడిచింది. అందుకే ఆయనకు భయం వేసింది.

పరిశోధనలో ఇరవై నాలుగుమంది రోగులు. సగం మందికి ముప్పై రోజుల పాతపద్ధతి, సగం మందికి ఐదు రోజుల కొత్తది. కంప్యూటరు చీటీ తీస్తే ఆచారికి కొత్తది వచ్చింది. భ్రమరాంబ అన్నవరం వైపు తిరిగి దణ్ణం పెట్టుకుంది. ఆ మధ్యాహ్నమే ముసుగు పని మొదలైంది. తల కదలకుండా ఉండటానికి ప్రతి రోగికీ అతని మొహం అచ్చుతోనే ఒక ప్లాస్టిక్ ముసుగు చేస్తారు. వేడినీళ్లలో ముంచితే అది అప్పడంలా మెత్తబడుతుంది. మొహం మీద పరిచి బిగిస్తే పది నిమిషాల్లో గట్టిపడి ఆ రూపంలో నిలబడిపోతుంది.

"ఎలా ఉన్నారో అలాగే ఉండండి బాబాయిగారూ. అస్సలు కదలొద్దు," అని సుగుణ వేడి ముసుగు పరిచింది.

మొహానికి సెగ తగిలింది. బుగ్గలు లేచాయి. ఎలా ఉన్నవాణ్ణి అలాగే ఉండమన్నారు కదా అని ఆచారి అలాగే ఉండిపోయాడు. ముసుగు గట్టిపడేదాకా ఉన్నాడు, స్కానింగు అయ్యేదాకా ఉన్నాడు. సుగుణ ఆయన్ని చూసింది ఆ రోజే మొదటిసారి గనుక ఆయన బుగ్గలే అంతనుకుంది.

మర్నాడు సరిచూద్దామని ముసుగు పెడితే, లోపల ఆచారి తల డబ్బాలో గోలీలా కదిలింది. నాలుగు మిల్లీమీటర్లు ఆడుతోంది. ఆడాల్సింది ఒక్కటి. సంగతేమిటో కనిపెట్టాక సుగుణ కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వింది.

"ఫరవాలేదు, పది నిమిషాల పని. మళ్లీ వేడినీళ్లలో వేస్తే మెత్తబడుతుంది. ఇంకోటి చేసుకుందాం," అంది.

ఆ మాట ప్రోటోకాల్ ఆఫీసరు త్రినాథం చెవిన పడింది.

త్రినాథం సన్నగా, ఇస్త్రీ చొక్కాలో, ఎప్పుడూ ఒక లావుపాటి పుస్తకం చంకన పెట్టుకుని తిరుగుతాడు. ఆ పుస్తకం పరిశోధన నియమావళి. "ఆగండి డాక్టరుగారూ," అన్నాడు, పేజీ తిప్పుతూ. "సదరు ముసుగుకు నిన్న సాయంత్రం నాలుగింటికి పదిహేడో నంబరు కేటాయించడమైనది. నంబరు పడిన తరువాత అది ముసుగు కాదు, ప్రమాణం. నిబంధన పద్నాలుగు, ఉపనిబంధన బి: ముసుగుకును, రోగి ముఖమునకును వ్యత్యాసము ఏర్పడినచో, ముసుగును సరియైనదిగా స్వీకరించి, వ్యత్యాసమును రోగి వైపున నమోదు చేయవలెను."

"అంటే?" అంది సుగుణ.

"ముసుగు సరిగానే ఉంది. మొహం తప్పు."

వ్యవహారం డైరెక్టరుగారి దగ్గరికి వెళ్లింది. డైరెక్టరు డాక్టర్ విరూపాక్షరావుగారు రోగిని తాకి పంతొమ్మిదేళ్లయింది. ఆ పంతొమ్మిదేళ్లలోనే ఆయనకు ఎదుగుదలంతా వచ్చింది. ఆయన అధ్యక్షతన ఐదుగురి కమిటీ కూర్చుంది. బల్ల మధ్యన తెల్లగుడ్డ మీద ముసుగు, బల్ల చివర స్టూలు మీద ఆచారి. కమిటీ రెండింటినీ మార్చి మార్చి చూసింది.

"ముసుగులో నిలకడ ఉంది," అన్నారు డైరెక్టరుగారు. "నిన్నటి నుంచి దాని ఆకృతిలో ఎట్టి మార్పూ లేదు. ముఖమే మాట మార్చింది. శాస్త్రీయ దృష్టితో ఆలోచిస్తే మనం దేన్ని నమ్మాలి?"

"అయ్యా, చిన్న మనవండి," అన్నాడు ఆచారి. "పెళ్లికూతురి వేలికి ఉంగరం వదులైందనుకోండి, ఉంగరం తగ్గిస్తామండి. వేలు లావు చేసుకురామ్మా అనమండి."

"అందుకే మీది వృత్తిగానే మిగిలింది, పరిశోధన కాలేకపోయింది," అన్నారు డైరెక్టరుగారు జాలిగా.

"పోనీ ఆ ముసుగు తీసి పారేసి..." సుగుణ మొదలుపెట్టింది.

"వాడిన తరువాతే రద్దు," అన్నాడు త్రినాథం. "వాడకుండా రద్దు చేస్తే, వాడనిదాన్ని ఎందుకు చేశారని అడుగుతారు."

"వదులు ముసుగు వాడితే నా కన్ను పోద్ది కదండీ!"

త్రినాథం పుస్తకం చూసి, "అది రద్దుకు తగిన కారణం అవుతుంది," అన్నాడు. ఆ మాటలో ఆయనకు ఆచారి మీద కోపం గానీ కసి గానీ ఏమీ లేవు. పుస్తకంలో ఉన్నది చెప్పాడంతే.

చివరకు తీర్మానం ఇలా వచ్చింది: 'పదిహేడవ నంబరు రోగి తన ముఖమును పదిహేను దినములలోగా ముసుగునకు అనుగుణముగా సవరించుకొని హాజరు కావలెను.'

భ్రమరాంబ ఆ కాగితం చూసి తలబాదుకోలేదు. తిన్నగా సంస్థ పక్కన గది అద్దెకు తీసుకుని, పెసరట్టు, ఉప్మా, మినపసున్ని, మామిడి తాండ్ర అని మొగుడి నోట్లో కుక్కడం మొదలుపెట్టింది. పదిహేను రోజుల్లో ఆచారికి పొట్ట వచ్చింది. బుగ్గలు మాత్రం ఉన్నచోటనే ఉన్నాయి. ఈలోగా కంతి తన పని తాను చేసుకుపోతోంది. స్కానింగు తీస్తే నాలుగు కాస్తా మూడున్నర అయింది.

ఆ రోజు ఆచారికి ఒళ్లు మండింది. "ఏమ్మా, నేను చివరిదాకా ఊది పడుకుంటే సరిపోద్దా?" అన్నాడు సుగుణతో. ముసుగు పెట్టించుకుని బుగ్గలు ఉబ్బించాడు. ముక్కుతో పీలుస్తూ, రాయిలా ముప్పావుగంట పడుకున్నాడు. సుగుణ కొలిచింది. తల కదలిక అర మిల్లీమీటరు. ఆమె పరుగున వెళ్లి డైరెక్టరుగారికి చెప్పింది. చెప్పకుండా యంత్రం మీట నొక్కేసి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకుంది.

ఎందుకంటే డైరెక్టరుగారు కుర్చీలోంచి లేచారు. ఆయన లేచి చాలాకాలమైంది.

"ఊపిరి నింపి ముఖ స్థిరీకరణ! ప్రపంచంలో ఎక్కడైనా చేశారా?"

"చెయ్యలేదు సార్. చెయ్యాల్సిన అవసరం..."

"ఇకమీదట దీన్ని ఊదడం అనవద్దు. కపోల పూరణం అందాం."

కపోలమంటే బుగ్గ. పేరు పెట్టాక దాన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. త్రినాథం అభ్యంతరం మామూలుగానే వచ్చింది: పదిహేడో నంబరు ఒక్కడే ఊదితే కంతి కిరణం వల్ల తగ్గిందో, కపోల పూరణం వల్ల తగ్గిందో ఎలా తేలుతుంది? కాబట్టి ఇరవై నలుగురూ ఊదాలి. అందరూ ఊదితే ఊదడం వల్ల వచ్చిన తేడా ఎలా తెలుస్తుంది? కాబట్టి పన్నెండుమందే ఊదాలి. ఇది తేలేదాకా ఎవరికీ కిరణం వెయ్యరాదు. యంత్రానికి పచ్చటి గుడ్డ కప్పారు.

వార్డులో పన్నెండుమంది రోగులు మంచాల మీద కూర్చుని పొద్దున్నే బుగ్గలు ఉబ్బించసాగారు. బంధువులు కిటికీలోంచి చూసి, జబ్బు ముదిరిందేమోనని ఏడ్చారు. యానాం నుంచి వచ్చిన చేపల పేరంటాలు మూడో మంచం మనిషి. ఆమెకు మెదడులో శనగగింజంత కంతి, నోరు మాత్రం గోదారంత. ఆమె వంతుకు ఊదకపోవడం వచ్చింది.

"నేనేం పాపం చేశానండీ? నాకూ బుగ్గలున్నాయి కదా!" అని ఆమె త్రినాథాన్ని నిలదీసింది.

అక్కడ ఇంకో చిక్కు బయటపడింది. ఎవరు ఊదుతున్నారో పరిశీలించే డాక్టరుకు తెలియకూడదు, రోగికీ తెలియకూడదు. పరిశోధనలో దీన్ని అంధీకరణ అంటారని డైరెక్టరుగారు సెలవిచ్చారు.

"నాకు కుడివైపు ఎలాగూ అదే జరుగుతోందండి," అన్నాడు ఆచారి. ఆ మాట మినిట్సులోకి ఎక్కలేదు.

డాక్టర్లకు తెలియకుండా మంచాల చుట్టూ తెరలు కట్టారు. రోగికి తెలియకుండా చెయ్యడమే కష్టమైంది. "నా బుగ్గ ఉబ్బిందో లేదో నాకు తెల్దేటండీ!" అంది పేరంటాలు తెర వెనకనుంచి. నిజమేనని కమిటీ ఒప్పుకుంది. పళ్ల డాక్టర్ని పిలిపించి ఇరవై నాలుగుమందికీ రెండు బుగ్గలకూ తిమ్మిరి ఇంజెక్షన్లు చేయించింది. ఆ పూట వార్డులో ఎవరి కాఫీ ఎవరి చొక్కా మీద పడిందో చెప్పడం కష్టం. బుగ్గ ఉందో లేదో కూడా తెలియని స్థితి సాధించాం గనుక అంధీకరణ నూటికి నూరుపాళ్లు విజయవంతమైందని సాయంత్రం నివేదిక వెళ్లింది.

ఊదడం తెలియనివాళ్లకు నేర్పాలి కదా. నేర్పేవాడు సంస్థ మొత్తానికీ ఒక్కడే. ఒక సోమవారం పొద్దున ఆచారి మెడలో నీలం తాడుతో ఒక కార్డు వేశారు. 'గౌరవ కపోల పూరణాచార్యులు'. భ్రమరాంబ ఆ కార్డును చీరకొంగుతో తుడిచి మురిసిపోయింది. ఆ మురిపెం మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు. త్రినాథం ఇంకో కాగితం తెచ్చాడు.

"బోధకవర్గానికి చెందినవారు పరిశోధనలో రోగిగా ఉండరాదు. స్వప్రయోజన సంఘర్షణ. కనుక పదిహేడవ నంబరు రోగి పేరును తొలగించడమైనది."

ఆచారి మెడలోంచి తాడు తీసేశాడు. "కార్డు తీసేసుకోండి బాబూ, నాకొద్దు."

"రాజీనామాకు మూడు నెలల ముందస్తు నోటీసు అవసరం, ఆచార్యులవారూ."

ఆ రోజు ఆచారి మెట్ల మీద కూర్చుని మొదటిసారి ఏడ్చాడు. చచ్చిపోతానని కాదు. తన దీపం మొన తనకు కనబడని రోజు వస్తుందని. ఎడంకన్ను మూసుకుని ఎదురుగా ఉన్న భ్రమరాంబను చూశాడు. ఆమె ముక్కుపుడక ఆయన చేసిందే, పెళ్లినాటిది. ఆ చోట ఏదో తెల్లటి చుక్క తప్ప రాయి కనబడలేదు.

"ఏమే, రాయి ఉందా?" అని అడిగాడు.

"ఉందండి," అంది ఆమె. "అది ఎక్కడికి పోద్ది? మీరు పొదిగింది కదా," అని ఆయన తల నిమిరింది.

తలనొప్పి ఎక్కువవడంతో సుగుణ మాత్రలు రాసింది. లోపలి వాపు తగ్గించే మాత్రలు. వాటికి ఒక గుణం ఉంది: మొహాన్ని ఉబ్బిస్తాయి. పన్నెండు రోజులయ్యేసరికి ఆచారి మొహం గుండ్రంగా, నిండుగా, పెళ్లివారి పూర్ణంబూరెలా తయారైంది. భ్రమరాంబ పెసరట్లకు లొంగనిది మాత్రలకు లొంగింది. ఒక పొద్దున సుగుణ ఆయన్ని వరండాలో చూసి నిలబడిపోయింది. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి, తలుపేసి, పదిహేడో నంబరు ముసుగు పెట్టింది.

"ఊదకండి బాబాయిగారూ. ఉత్తగా పడుకోండి."

ముసుగు ఉంగరంలా దిగింది. కదలిక సున్నా పాయింటు నాలుగు.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముసుగుకు తగిన ముఖం వచ్చేసింది. ప్లాను సిద్ధంగా ఉంది, యంత్రం సిద్ధంగా ఉంది. రోగి మాత్రం కాగితాల్లో లేడు. ఉన్నది ఆచార్యులవారు. ఆ ఉదయం స్కానింగులో మూడు పాయింటు రెండు. మిల్లీమీటరులో ఐదో వంతు మిగిలింది.

అదే సమయంలో డైరెక్టరుగారి గదిలో గంట మోగింది. వచ్చే సోమవారం నుంచి శుక్రవారం దాకా కపోల పూరణంపై ఐదు రోజుల జాతీయ కార్యశాల. ఎనభైమంది ప్రతినిధులు. సుగుణను పిలిచారు.

"ప్రతినిధులకు ప్రత్యక్ష ప్రదర్శన ఉండాలి. గాజు అవతల యంత్రం, బల్ల మీద మన ఆచార్యులవారు, ముసుగు, పూరణం. ఐదు రోజులూ, రోజూ పదకొండింటికి."

ఐదు రోజులు. ఆచారి ప్లానులో ఉన్నదీ సరిగ్గా ఐదు రోజులే.

"యంత్రం ఉత్తగా తిప్పమంటారా సార్, కిరణంతోనా?"

"ఉత్తగానా!" డైరెక్టరుగారికి అవమానమైంది. "ఢిల్లీ నుంచి వచ్చేవాళ్లకు ఉత్తుత్తి ప్రదర్శనా? ప్రతిదీ అసలైనదే కావాలి."

"ఎవరి ప్లాను ప్రకారం సార్?"

"ముసుగు ఎవరిదో వారి ప్లాను ప్రకారం. అందులో ఒక్క అంకె కూడా మారడానికి వీల్లేదు."

"కాస్త రాతపూర్వకంగా ఇస్తారా సార్?"

రాతపూర్వకం అన్న మాట వింటే డైరెక్టరుగారికి ప్రాణం లేచొస్తుంది. వెంటనే సంతకం పెట్టారు. త్రినాథం పుస్తకమంతా వెతికాడు. చికిత్సకు సంబంధించిన నిబంధనలు నూట పన్నెండు ఉన్నాయి గానీ ప్రదర్శనకు ఒక్కటీ లేదు. అభ్యంతరం లేదని రాశాడు.

సుగుణ వచ్చి ఆచారికీ భ్రమరాంబకూ ఉన్నదున్నట్టు చెప్పింది. "నిజమైన వైద్యమే బాబాయిగారూ, నేను మూడుసార్లు సరిచూశాను. పేరు మాత్రమే ప్రదర్శన. మీకు సమ్మతమేనా?"

"పేరుదేముందమ్మా. అతుకు పడాలి గానీ," అన్నాడు ఆచారి.

సోమవారం పదకొండింటికి పచ్చగుడ్డ తీశారు. నాదస్వరం రికార్డు వేశారు. గాజు అవతల ఎనభైమంది ప్రతినిధులు, వాళ్ల మధ్య మెడలో ప్రతినిధి కార్డుతో భ్రమరాంబ. ఆచారి బల్ల మీద పడుకున్నాడు. ముసుగు బిగిసింది. యంత్రం చెయ్యి ఆయన చుట్టూ మెల్లగా తిరగసాగింది. చప్పుడు లేదు, సెగ లేదు. నిప్పు లేకుండా కాల్చడమేమిటో ఆయనకు అంతు పట్టలేదు. కళ్లు మూసుకుని, లోపలెక్కడో ఒక ముత్యాన్ని, దాని పక్కన అతుకును తలుచుకున్నాడు. చెయ్యి వణకనీకు తల్లీ అని సుగుణకు మనసులో చెప్పాడు.

బయట డైరెక్టరుగారు మైకు పట్టుకున్నారు. "గమనించండి, ఆ కపోలాల పూరణ! ఆ నిండుదనం! ముప్పై నిమిషాలుగా ఒక్క రవ్వ తగ్గలేదు. దీని వెనక ఎంత సాధన ఉందో ఊహించండి!"

ప్రతినిధులు చప్పట్లు కొట్టారు. ఆచారి ఊదడం లేదు. ఆయన బుగ్గల్లో ఉన్నది సాధన కాదు, రెండు వారాల మాత్రలు. భ్రమరాంబ కూడా చప్పట్లు కొట్టింది, అందరికన్నా గట్టిగా, కళ్లు తుడుచుకుంటూ.

మంగళవారం, బుధవారం, గురువారం అలాగే గడిచాయి. శుక్రవారం ప్రదర్శన ముగిశాక డైరెక్టరుగారు ఆచారికి శాలువా కప్పారు. ఆచారి శాలువా తీసి సుగుణ భుజాల మీద వేశాడు. అది కార్యక్రమంలో లేదని త్రినాథం గొణిగాడు.

కార్యశాల ఘనవిజయం సాధించింది. ఇక ప్రతి రెండు వారాలకూ ఒకటి పెట్టాలని తీర్మానం. దానికి ఆచార్యులు చాలరని సుగుణ వినయంగా మనవి చేసింది. వార్డులో శిక్షణ పొందినవాళ్లు ఉన్నారు సార్ అంది. మరుసటి వారం, వంతు రాకపోయినా తెర వెనక ఊదడం నేర్చేసుకున్న పేరంటాలు మెడలో నీలం తాడు పడింది. "చేపలమ్ముకునేదాన్ని, ఆచార్యుల్ని చేశారండి బాబూ!" అని ఆమె వార్డంతా తిరిగి చూపించింది. ఆమె తరువాత తొమ్మిదో మంచం, ఆ తరువాత పన్నెండో మంచం. అలా కార్యశాలకు నలుగురేసి రోగుల జాబితాలోంచి తొలగి బోధకవర్గంలో చేరి, ప్రదర్శన బల్ల ఎక్కారు. పాతపద్ధతి చీటీ వచ్చినవాళ్లకు కార్యశాల ముప్పై రోజులు నడిచింది. నాలుగు నెలలకల్లా సంస్థలో రోగి అన్నవాడు లేడు. డైరెక్టరుగారు దీన్ని కూడా తన విజయాల్లో చేర్చుకున్నారు.

మాత్రలు ఆపాక ఆచారి మొహం మళ్లీ తనదైంది. కొట్టు తెరిచాడు. ఒక పొద్దున టపా మనిషి లావుపాటి కవరు ఇచ్చివెళ్లాడు. భ్రమరాంబ ముక్కుపుడక శీల వదులైందని తీసిచ్చింది. దాన్ని పట్టకారుతో పట్టుకుని ఉన్న ఆచారి, పట్టకారు పక్కన పెట్టి కవరు చింపాడు.

'పదిహేడవ నంబరు రోగికి. తమకు ఈ సంస్థయందు ఇంతవరకు ఎట్టి చికిత్సయు జరుగలేదని రికార్డుల వలన తెలియుచున్నది. అయినను తాజా స్కానింగులో తమ కంతి కుంచించుకొని, నరమునకు ఐదు మిల్లీమీటర్ల దూరమునకు తొలగినట్లు కనబడుచున్నది. అనుమతి లేకుండ నయమగుటకు గల కారణములను పదిహేను దినములలోగా వివరించవలెను. సదరు ముసుగు వాడబడనందున రద్దు చేయుటకు వీలుపడదు. దాని నిమిత్తము తమ ముఖమును సిద్ధముగా ఉంచుకొనవలెను.'

"ఏంటండీ అది? మళ్లీ రమ్మంటున్నారా?" అంది భ్రమరాంబ కంగారుగా.

"ఉండవే. కిందేదో ఉంది."

కాగితం అడుగున చీమకాళ్లంత అక్షరాలతో ఒక వరుస ఉంది. ఆచారి అరచేత్తో ఎడంకన్ను మూసుకున్నాడు. కాగితాన్ని దీపం దగ్గరగా పట్టుకుని, కుడికంటితో, ఒక్కో అక్షరమే కూడబలుక్కోకుండా గడగడా చదివాడు.

'గమనిక: చూపు కోల్పోయినవారు ఈ లేఖను ఇతరులచేత చదివించుకొనవలెను.'

ఇంకోసారి చదివాడు, అదే కంటితో. తరువాత ముక్కుపుడక అందుకుని, రాయి ఉన్నచోటే ఉందని చూసుకుని, బుగ్గలు ఉబ్బించాడు.